వెంట నడిచే దేవదూత



ఇవాళ ఒక బొమ్మ గురించి మాట్లాడుకుందాం. రేడియోలో బొమ్మ ఎలా చూస్తామని సందేహం అక్కర్లేదు. హరిదాసుగారు లంకాదహనం చెబుతుంటే పందిట్లో కూర్చున్నవాళ్లంతా మంటలు చూసినవాళ్లే. చెవితో బొమ్మ చూడటం మన గోదావరి జిల్లాలవాళ్లకి తాతల నాటి అలవాటు.

ఆ బొమ్మ వేసినాయన పోలెండు దేశస్థుడు. పేరు యాత్సెక్ మల్చెవ్‌స్కీ. 1854లో పుట్టి 1929లో కన్నుమూశాడు. ఆయన 1901లో ఒక చిత్రం వేశాడు. అందులో ఒక పల్లెటూరి పిల్లవాడు, రెక్కలున్న ఒక దేవదూత ఉంటారు. ఆ చిత్రానికి ఆయన పెట్టిన పేరు పిల్లవాడి నోట వచ్చే మాటలా ఉంటుంది: ‘దూతా, నీ వెంట వస్తాను’. ఇప్పుడది క్రాకో నగరంలోని జాతీయ ప్రదర్శనశాలలో ఉంది.

ఎక్కడి క్రాకో, ఎక్కడి కోనసీమ! అయినా ఈ చిత్రాన్ని అమలాపురం, రాజోలు, కొత్తపేట వాసుల ముందు పెట్టాలని నాకు గట్టిగా అనిపించింది. కారణం ఒక్కటే. ఆకాశంలోంచి దిగివచ్చే దేవదూత బొమ్మలు మన ఇళ్లల్లో బోలెడున్నాయి. మనిషి పక్కన, మట్టిదారిలో, అడుగులో అడుగు వేసి నడిచే దేవదూత బొమ్మ దాదాపు కనపడదు. ఊరు విడిచి, సముద్రం దాటి బతుకుతెరువు వెతుక్కునే మనుషులు ఇంతమంది ఉన్న మన సీమకి ఆ రెండో బొమ్మే ఎక్కువ అవసరమని నా నమ్మకం. ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నది అదే.

ముందు మనకు తెలిసిన దేవదూతను తలచుకుందాం. డిసెంబరు వస్తే కోనసీమలో పేటపేటనా వెదురుబద్దల నక్షత్రాలు లేస్తాయి. మందిరాల్లో పిల్లల నాటకాలు మొదలవుతాయి. తెల్లటి గౌను, అట్టముక్కతో రెక్కలు, తలమీద జలతారు చుట్టిన తీగ. గబ్రియేలు మరియమ్మకి కబురు చెప్తాడు, దూతల గుంపు గొర్రెల కాపరులకి కనపడుతుంది. కాలెండర్లలోనూ అదే దూత. బంగారురంగు జుట్టు, నీలికళ్లు, పాలలాంటి ఒళ్లు, మబ్బుల మీద పాదాలు.

ఈ రూపం మనకు కాలెండర్ల దారినే ఎక్కువగా వచ్చింది. మందిరం గోడలు ఆ బొమ్మ ఇవ్వలేదు. గోదావరి డెల్టాలో సువార్త పని మొదలుపెట్టినవారిలో ముందువరసలో ఉన్నవాళ్లు విలియం బౌడెన్, జార్జ్ బీర్. ఇద్దరూ ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంవాళ్లు. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో భారతదేశం వచ్చి, తర్వాత పాలకొల్లు, నరసాపురాల్లో స్థిరపడ్డారు. వాళ్లది బ్రదరన్ సహవాసం. సున్నం కొట్టిన గోడ, బల్ల, బెంచీలు, చేతిలో గ్రంథం. బొమ్మలుంటే మనసు బొమ్మమీదికి పోతుందని వాళ్ల భయం. ఆ భయంలో నిజాయితీ ఉంది. దాన్ని నేను తప్పుపట్టను. కానీ మందిరం గోడ ఖాళీగా ఉన్నంతమాత్రాన మనిషి మనసు ఖాళీగా ఉండదు. ఏదో ఒక రూపం వచ్చి కూర్చుంటుంది. మన దగ్గర అచ్చుబొమ్మ వచ్చి కూర్చుంది. దేవదూత అంటే తెల్లగా ఉండేవాడు, గాలిలో తేలేవాడు, కబురు చెప్పి వెళ్లిపోయేవాడు అని పిల్లల మనసులో స్థిరపడిపోయింది.

మల్చెవ్‌స్కీ దూత అలా వెళ్లిపోయేవాడు కాడు. ఎందుకు కాడో తెలియాలంటే ఆయన పుట్టిన దేశం కథ కొంచెం తెలియాలి.

ఆయన పుట్టేనాటికి పోలెండు అనే దేశం పటంలోనే లేదు. 1772, 1793, 1795 సంవత్సరాల్లో మూడుసార్లుగా రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ఆ దేశాన్ని ముక్కలు చేసి పంచుకున్నాయి. మళ్లీ దేశంగా నిలబడింది 1918లో. అంటే మల్చెవ్‌స్కీ తన జీవితంలో 64 ఏళ్లు దేశంలేని దేశస్థుడిగా బతికాడు. ఆయనకి తొమ్మిదేళ్లు కూడా నిండకముందు, 1863 జనవరిలో, రష్యా పాలనమీద పోలెండువాళ్లు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటు ఓడిపోయింది. వేలమందిని సైబీరియాకి ప్రవాసం పంపారు. ఆ తరం పిల్లలు నాన్నలు, బాబాయిలు, మావయ్యలు మంచుదేశానికి నడిచివెళ్లిన కథలు వింటూ పెరిగారు.

ఆయన క్రాకోలో యాన్ మతెయ్కో అనే గొప్ప చిత్రకారుడి దగ్గర చదువుకున్నాడు. పారిస్‌లోనూ కొంతకాలం నేర్చుకున్నాడు. గురువు రాజుల్ని, యుద్ధాల్ని వేశాడు. శిష్యుడు సైబీరియా గనుల్లో అలసిన మనుషుల్ని వేశాడు. 1892లో వేసిన ‘సైబీరియాలో క్రిస్మస్ ముందురాత్రి’ అన్న చిత్రం చూడండి. పోలెండులో ఆ రాత్రి భోజనానికి ఎంత విలువో చెప్పలేం. బల్లమీద తెల్లగుడ్డ, దానికింద పశువులపాకను గుర్తుచేసే ఎండుగడ్డి. ఇంటిల్లిపాదీ ఒక పల్చటి అప్పాన్ని తుంచి ఒకరికొకరు పెట్టుకుంటారు. అనుకోకుండా వచ్చే అతిథి కోసం ఒక చోటు ఖాళీగా ఉంచుతారు. మల్చెవ్‌స్కీ చిత్రంలో ఆ బల్ల ఉంది, ఆ తెల్లగుడ్డ ఉంది. చుట్టూ కూర్చున్న ప్రవాసులు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. ఎవరి మనసు వాళ్ల ఊళ్లో ఉంది.

క్రిస్మస్ రాత్రి పరాయిదేశంలో గడిపిన మన కోనసీమవాళ్లకి ఈ చిత్రాన్ని వివరించి చెప్పాల్సిన పనిలేదు.

అటువంటి జాతికి, మబ్బుల్లో నిలబడి కబురు చెప్పి మాయమయ్యే దూత సరిపోడు. వాళ్లకి తోడు కావాలి. దారి తెలిసినవాడు కావాలి. అందుకే మల్చెవ్‌స్కీ దూతలు నేలమీద నిలబడతారు. వాళ్ల వెనక కనిపించేది పోలెండు పొలమే, పోలెండు చెట్లే. తనకి తెలిసినవాళ్ల ముఖాల్నే ఆయన దూతలకీ దేవతలకీ పెట్టాడు. సమరయ స్త్రీతో బావిదగ్గర మాట్లాడుతున్న క్రీస్తును వేస్తూ తన ముఖాన్నే క్రీస్తుకి పెట్టాడు. సాహసం అనుకున్నవాళ్లూ ఉంటారు. నాకు మాత్రం అందులో ఒక ఒప్పుకోలు కనిపిస్తుంది: పవిత్రమైనది ఎక్కడో దూరాన జరిగిపోలేదు, నా ఊళ్లో, నా ఒంట్లో జరగాలి అన్న ఒప్పుకోలు.

ఆయన మళ్లీ మళ్లీ బొమ్మ వేసిన బైబిలు కథ ఒకటుంది. అది తోబియా కథ. 1904లో వేశాడు, 1912లో వేశాడు, ఇంకా వేశాడు. మన సీమలో చాలామంది క్రైస్తవులకి ఈ కథ తెలియదు. ప్రొటెస్టెంటు సంఘాలు చదివే బైబిలులో 66 పుస్తకాలుంటాయి, వాటిలో ఈ కథ లేదు. కథోలికుల బైబిలులో 73 పుస్తకాలు, వాటిలో ‘తోబీతు గ్రంథం’ ఒకటి. మార్టిన్ లూథర్ దీన్ని ప్రధాన గ్రంథాలతో కలపలేదు గాని చదువుకోవడానికి మంచిదన్నాడు, తన జర్మన్ బైబిలులో విడిగా అచ్చువేయించాడు. కాబట్టి ఏ సంఘంవారైనా, అసలు ఏ మతంవారైనా, ఈ కథ వినడానికి అభ్యంతరం ఉండదు. వినండి.

నీనెవె నగరంలో తోబీతు అనే పెద్దమనిషి ఉన్నాడు. సొంతదేశం నుంచి చెరపట్టి తెచ్చినవాళ్లలో ఒకడు. అనాథశవాలు కనపడితే రాజుకి భయపడకుండా తీసుకెళ్లి పాతిపెట్టేవాడు. ఒక రాత్రి అలా ఒక శవాన్ని పూడ్చి వచ్చి, పెరటిగోడ పక్కన పడుకున్నాడు. గోడమీది పిచ్చుకల రెట్ట కళ్లలో పడింది. తెల్లటి పొరలు కమ్మి చూపు పోయింది. ఇల్లు గడవడానికి భార్య అన్నా పరాయివాళ్లకి నేతపని చేయడం మొదలుపెట్టింది. పని ఇచ్చినవాళ్లు ఒకసారి సంతోషించి కూలితో పాటు ఒక మేకపిల్లనిచ్చారు. ‘ఎక్కడిదిది, దొంగిలించావా’ అని గుడ్డిభర్త అడిగాడు. ఆమె మనసు విరిగిపోయింది. ఆ చిన్న తగాదా చదివినప్పుడల్లా ఈ కథ రాసినవాడికి సంసారం తెలుసుననిపిస్తుంది.

అప్పుడు తోబీతుకి గుర్తొచ్చింది. దూరాన మేదియా దేశంలో, రాగెసు పట్నంలో, గబాయేలు అనే బంధువు దగ్గర పది తలాంతుల వెండి దాచి ఉంచాడు. కొడుకు తోబియాని పిలిచి, వెళ్లి తెమ్మన్నాడు. కొడుక్కి దారి తెలియదు. తోడు వెతుక్కోమన్నాడు తండ్రి. వీధిలోకి వెళ్తే ఒక యువకుడు కనిపించాడు. దారి తెలుసన్నాడు. పేరు అజర్యా అని, మీ చుట్టాల్లోవాడినే అని చెప్పాడు. అతను రఫాయేలు అనే దేవదూత. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. తోబీతు ఆ యువకుడితో కూలి మాట్లాడాడు. రోజుకో ద్రాక్మా, దారిఖర్చులు వేరే, క్షేమంగా తిరిగొస్తే పైన బహుమానం. దేవదూత ఆ బేరానికి ఒప్పుకున్నాడు. కూలి కుదుర్చుకుని, పనివాడిగా ప్రయాణమయ్యాడు. పనివాడి వేషంలో దేవదూత, రోజుకూలికి వచ్చిన దేవదూత! మన కాలెండర్లలో ఎక్కడైనా చూశామా?

తల్లి ఏడ్చింది. ‘ఆ డబ్బు లేకపోతే ఏం, ఉన్నదాంతో బతకలేమా, పిల్లవాణ్ణి ఎందుకు పంపావు’ అని భర్తని నిలదీసింది. ఇద్దరు కుర్రాళ్లూ బయల్దేరారు. ఇంటికుక్క వాళ్ల వెంటపడింది. సాయంత్రానికి టైగ్రిస్ నది చేరారు. తోబియా కాళ్లు కడుక్కోబోతే ఒక పెద్ద చేప ఎగిరి అతని పాదాన్ని మింగబోయింది. ‘పట్టుకో, వదలకు’ అన్నాడు దూత. పట్టాడు. దాని గుండె, కాలేయం, చేదుకట్టు తీసి దాచమన్నాడు. మిగతాది వండుకుని తిన్నారు.

ఆ తర్వాత ఎక్బతానా అనే పట్నంలో సారా అనే అమ్మాయి కథ వస్తుంది. ఆమెకి ఏడుసార్లు పెళ్లయింది. ఏడుగురు వరుల్నీ పెళ్లిరాత్రే ఒక దుష్టశక్తి చంపేసింది. ఊరంతా ఆమెనే నిందించింది. తోబియా ఆమెని పెళ్లాడి, దూత చెప్పినట్టు చేప గుండె, కాలేయం పొగవేసి ఆ పీడ వదిలించాడు. పెళ్లి సంబరాల్లో అతను కదలలేకపోతే, దూతే రాగెసుకి వెళ్లి వెండి తెచ్చిపెట్టాడు.

అక్కడ నీనెవెలో తల్లి రోజూ దారి పక్కన కూర్చుని చూస్తోంది. గడువు దాటింది. కొడుకు పోయాడనుకుంది. భర్త సర్దిచెప్తే ‘నన్ను ఊరుకోబెట్టకు’ అంది. ఒకరోజు దూరాన ఇద్దరు మనుషులు, ఒక కుక్క కనిపించారు. తోబియా వచ్చి, చేప చేదుకట్టు తండ్రి కళ్లకు రాశాడు. తెల్లపొరలు ఊడి వచ్చాయి. ముసలాయన మొట్టమొదట చూసింది కొడుకు ముఖం. ఆ తోడుకి తెచ్చినదాంట్లో సగం ఇద్దామని తండ్రీకొడుకులు పిలిస్తే, అతను అప్పుడు చెప్పాడు తాను ఎవరో. చెప్పి వెళ్లిపోయాడు.

ఇదీ కథ. చాలా పాతది. మృతసముద్రం ఒడ్డున 1952లో కనుగొన్న నాలుగో గుహలో దీని అరమేయిక్, హీబ్రూ ముక్కలు దొరికాయి. అవి సుమారు రెండువేల ఏళ్ల నాటి చుట్టల ముక్కలు.

ఈ కథని ఇటలీ చిత్రకారులు ఎంతో ఇష్టంగా వేశారు. 15వ శతాబ్దంలో ఫ్లోరెన్స్ వర్తకులు పిల్లల్ని వ్యాపారానికి దూరదేశం పంపేటప్పుడు, లేదా వాళ్లు క్షేమంగా తిరిగొచ్చాక, ఈ బొమ్మ వేయించుకునేవారని కళాచరిత్రకారులు చెబుతారు. అప్పట్లో వెరోక్కియో శిల్పశాలలో తయారైన ఒక చిత్రం లండన్ జాతీయ చిత్రశాలలో ఉంది. తోబియా చేతికి దారం కట్టిన చేప వేలాడుతూ ఉంటుంది. అతని చెయ్యి దూత మోచేతిలో ఉంటుంది. పక్కన తెల్లకుక్క. సంతలో చేప కొనుక్కుని ఇంటికెళ్తున్న ఇద్దరు అన్నదమ్ముల్లా ఉంటారు.

మల్చెవ్‌స్కీ 1904 చిత్రంలో ఈ ఇద్దర్నీ ఇంకా చిన్నవాళ్లని చేశాడు. ఆ చిత్రం నిండా విశాలమైన పోలెండు పొలాలే. ఆ పొలాల మధ్య దారిలో తోబియా, దూత చిన్నగా కనిపిస్తారు. బైబిలు కథ వేస్తూ కథాపురుషుల్ని ఇంత చిన్నగా వేస్తారా అని మొదట అనిపిస్తుంది. నిలబడి చూస్తే ఆయన ఉద్దేశం తెలుస్తుంది. ప్రయాణమైన మనిషి లోకం ముందు అంతే ఉంటాడు. దారి పెద్దది, దేశం పెద్దది, మనిషి చిన్నవాడు. చిన్నవాడైనా ఒంటరివాడు కాడు. ఆ చిత్రం మొత్తం ఆ మాట చెప్పడానికే ఉంది.

ఇప్పుడు మన సీమకి వద్దాం.

గౌతమి, వసిష్ఠల నడుమ, వైనతేయ పాయకి అటూ ఇటూ ఉన్న ఈ నేలని పచ్చదనం పేరుతో అందరూ పొగుడుతారు. ఆ పచ్చదనంలో భూమిలేనివాళ్ల సంఖ్య తక్కువేం కాదు. 1996 నవంబరు 6న తుఫాను వచ్చినప్పుడు కొబ్బరిచెట్లు లక్షల్లో కూలిపోయాయి. కొత్తమొక్క నాటితే కాపుకి రావడానికి అయిదారేళ్లు పడుతుంది. దింపు కార్మికులు, పీచుపనివాళ్లు, కొబ్బరికాయ వలిచేవాళ్లు, తోటకూలీలు అన్నేళ్లు ఏం తిని బతకాలి? గల్ఫు దారి అప్పటికే ఉంది. రాజోలు, మలికిపురం, అమలాపురం, పి.గన్నవరం ప్రాంతాల్లో కువైట్, దుబాయ్, మస్కట్, ఖతార్ అనే పేర్లు పక్కూరి పేర్లంత మామూలుగా వినిపిస్తాయి.

తోబియా కథకీ మన కథకీ ఒక తేడా ఉంది. అక్కడ కొడుకు వెళ్లాడు, తల్లి దారిచూస్తూ కూర్చుంది. ఇక్కడ చాలా ఇళ్లల్లో తల్లే వెళ్తుంది. పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉండి దారి చూస్తారు. పరాయిపిల్లలకి స్నానం చేయించి, గోరుముద్దలు పెట్టిన చేతులు, తన పిల్లల తలమీద నిమరడానికి రెండేళ్లు ఆగాలి. శుక్రవారం ఫోనులో పిల్లవాడి పరీక్ష మార్కులు వింటుంది. తోబీతు ఇంట్లోలాగే ఇక్కడా ఒక తగాదా ఉంటుంది: ‘ఉన్నదాంతో బతకలేమా’ అనే తగాదా. తోబీతు ఇంట్లోలాగే ఆ డబ్బుతోనే ఎవరి కంటికో శస్త్రచికిత్స జరుగుతుంది, ఎవరి పెళ్లో జరుగుతుంది, పెంకుటిల్లు డాబా అవుతుంది.

ఇంకో సంగతి చెబితే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. తోబియా కాళ్లు కడుక్కున్న ఆ టైగ్రిస్ నది ఇరాక్‌లో పారి, యూఫ్రటీస్‌తో కలిసి, కువైట్‌కి దగ్గర్లోనే గల్ఫు సముద్రంలో పడుతుంది. మన అక్కచెల్లెళ్లు పనిచేసే ఇళ్లు ఆ నీళ్ల ఒడ్డునే ఉన్నాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు, అక్కడి భారతీయుల్లో చాలామంది బస్సుల్లో బాగ్దాదు మీదుగా ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరారు. అక్కడి నుంచి ఆగస్టు 13 మొదలు అక్టోబరు దాకా ఎయిరిండియా విమానాలు సుమారు 1,70,000 మందిని ఇంటికి తెచ్చాయి. వాళ్లలో మన తెలుగువాళ్లున్నారు. తోబియా కాళ్లు కడుక్కున్న నది పారే దేశం మీదుగానే వాళ్లూ వచ్చారు. సూట్‌కేసు వదిలేసి, ఒంటిమీది బట్టలతో, పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషి ఇచ్చిన నీళ్లు తాగి వచ్చారు. ఆ నీళ్లిచ్చిన మనిషిని ఏ పేరుతో పిలవాలో తోబీతు గ్రంథం చెబుతుంది.

దేవదూత చేసిన పనులు ఒకసారి లెక్కచూడండి. పేరు, కులగోత్రాలు చెప్పి ఇంటివాళ్ల ముందు నిలబడ్డాడు. కూలి ఎంతో ముందే తేల్చుకున్నాడు. దారి తనకి తెలుసు. ఆపద వచ్చినప్పుడు పారిపోకుండా ‘వదలకు’ అని ధైర్యం చెప్పాడు. రావలసిన సొమ్ము అణాపైసలతో తెచ్చి ఇచ్చాడు. మనిషిని గుమ్మంలోకి చేర్చాకే సెలవు తీసుకున్నాడు. సగం ఆస్తి ఇస్తామన్నా తీసుకోలేదు.

ఈ లెక్క పక్కన, గల్ఫు పంపిస్తానని వచ్చే ప్రతి ఏజెంటునీ నిలబెట్టి చూడండి. తన చిరునామా చెప్పనివాడు, పని ఏమిటో కాయితంమీద రాయనివాడు, పనివీసా అని చెప్పి సందర్శకుల వీసా మీద ఎక్కించేవాడు తోడు కాలేడు. మన దేశంలో 1983 నాటి వలసచట్టం ఉంది. దానికింద నమోదైన ఏజెంట్ల జాబితా ప్రభుత్వం దగ్గర ఉంటుంది. గల్ఫుతో సహా కొన్ని దేశాలకి, పదో తరగతి పాసుకానివారు ఉద్యోగానికి వెళ్లేముందు వలస అధికారుల అనుమతి తీసుకోవాలి. ఇళ్లల్లో పనికి వెళ్లే మహిళలకి 30 ఏళ్లు నిండాలని నియమం. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా ఉంది. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు ఇంట్లో ఒకరి దగ్గర ఉండాలి. పెద్ద చదువు లేని అక్క వెళ్తుంటే, ఆ కాయితాలు చదివి చెప్పగల కుర్రాడు ప్రతి పేటలో ఒకడైనా ఉంటాడు. ఆ సాయంత్రం ఆ కుర్రాడు చేసేది రఫాయేలు పనే.

ఈ మాటలు బొమ్మల ప్రసంగంలో ఎందుకంటారా? బొమ్మ చేయవలసిన పనే ఇది కాబట్టి. దేవదూత అంటే గాలిలో తేలేవాడని నేర్చుకున్న పిల్లవాడు, దేవదూతను ఆకాశంలో వెతుకుతాడు. దేవదూత అంటే వెంట నడిచేవాడని చూసి పెరిగిన పిల్లవాడు, తాను ఎవరి వెంట నడవాలా అని చుట్టూ చూస్తాడు. కళ్లముందు ఏ రూపం ఉంటే మనసు ఆ వైపు నడుస్తుంది. అందుకే బొమ్మ చిన్న విషయం కాదు.

మరి ఆ బొమ్మ ఎవరు వేయాలి? పోలెండు బొమ్మని తెచ్చి గోడకి తగిలించుకుంటే సరిపోదు. మల్చెవ్‌స్కీ తన పొలాన్ని, తన చెట్టుని, తన మనుషుల్ని వేశాడు. మనం నేర్చుకోవలసింది ఆ ధైర్యం. ఇది మనకి కొత్తేమీ కాదు. నది ఎగువన, రాజమహేంద్రవరంలో, దామెర్ల రామారావుగారు 1925లో 28 ఏళ్లయినా నిండకుండా వెళ్లిపోయేలోపు ఇదే పని చేశారు. గోదావరి గట్టు మనుషుల ఒయ్యారాన్ని, ఒంటిరంగుని పురాణకథల బొమ్మల్లోకి తీసుకొచ్చారు. వాటిని రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో ఇవాళ్టికీ చూడవచ్చు. గోవాకి చెందిన ఆంజెలో ద ఫోన్సెకా మరియమ్మకి చీర కట్టాడు. మన తెలుగునేల మీదే, బిషప్ అజరయ్యగారు దోర్నకల్లులో కట్టించి 1939లో ప్రతిష్ఠించిన దేవాలయంలో గుడి పోకడలూ మసీదు పోకడలూ కలిసి కనిపిస్తాయి.

పోలెండు నుంచి కూడా ఒక బదులు వచ్చింది. స్తెఫాన్ నోర్బ్లిన్ అనే చిత్రకారుడు 1939లో జర్మనీ దాడితో దేశం వదిలి, భార్యతో కలిసి భారతదేశానికి శరణార్థిగా వచ్చాడు. జోధ్‌పూర్ ఉమైద్ భవన్ గోడలమీద రామాయణ ఘట్టాలు వేశాడు. ఇల్లు పోగొట్టుకున్న పోలెండు మనిషి, అడవికి వెళ్లిన రాముణ్ణి వేశాడు. పరాయివాడు మన వనవాసాన్ని అర్థం చేసుకోగలిగితే, వాళ్ల ప్రవాసాన్నీ, ఆ ప్రవాసంలో తోడొచ్చిన దూతనీ మనం అర్థం చేసుకోలేమా?

కోనసీమ చేతుల్లో పనితనానికి లోటు లేదు. కొత్తపేట దగ్గర ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామిని చూసినవాళ్లకి ఆ సంగతి చెప్పక్కర్లేదు. ముందునుంచి విష్ణువు, వెనకనుంచి మోహిని, రాయి ఒక్కటే. కనుమనాడు జగ్గన్నతోటకి కదిలే ప్రభల్ని వెదురుతో, రంగుగుడ్డలతో, నూలుదారాలతో కట్టే చేతులున్నాయి. క్రిస్మస్‌కి నక్షత్రాలు కట్టే చేతులున్నాయి. ఆ చేతులు ఈ బొమ్మ వేయగలవు.

నా మనసులో ఉన్న బొమ్మ చెబుతాను. సఖినేటిపల్లి రేవు. తెల్లవారుజామున అవతల నరసాపురం దీపాలు. పంటు ఎక్కడానికి నిలబడ్డ ఒక అమ్మాయి. ముప్పై అయిదేళ్లుంటాయి. తాడుతో కట్టిన పెట్టె, దానిమీద పెద్ద అక్షరాలతో పేరు. గట్టుమీద ఆమె తల్లి, చంకలో మనవడు. అమ్మాయి పక్కన, పెట్టెకి రెండోవైపు చెయ్యి వేసిన ఒక పెద్దామె. చామనఛాయ, నేతచీర, పాదాలకి బురద. ఆమె భుజాల వెనక పాలపిట్ట రెక్కల నీలం. అమ్మాయి ఆ రెక్కలు చూడలేదు. బొమ్మ చూస్తున్న మనకే కనపడతాయి. కింద నీళ్లలో ఒక చేప మెరుస్తూ ఉంటుంది. గోదావరివాళ్లకి ఆ చేప పేరు చెప్పనక్కర్లేదు.

నాకు కుంచె పట్టడం రాదు. వచ్చినవాళ్లు మన ఊళ్లల్లో ఉన్నారు. డ్రాయింగు మాస్టార్లున్నారు, సైన్‌బోర్డులు రాసేవాళ్లున్నారు, ఫ్లెక్సీలు వచ్చాక పనిపోయి కుంచెలు అటకెక్కించినవాళ్లున్నారు. వాళ్లందరికీ నా విన్నపం ఇది. తోబియా కథని కోనసీమ కథగా వేయండి. మందిరం గోడకి బొమ్మ వద్దనుకునే సంఘాలవారు సండేస్కూలు పిల్లల చేత కాయితం మీద గీయించండి. మొక్కడానికి అక్కర్లేదు, చూసి ఆలోచించడానికి చాలు. ఈ క్రిస్మస్ నాటకంలో గబ్రియేలుతో పాటు రఫాయేలుకి కూడా ఒక వేషం ఇవ్వండి. తెల్లగౌను వద్దు, పనివాడి బట్టలు చాలు. హిందువుల ఇళ్లల్లో, ముస్లిముల ఇళ్లల్లో కూడా గల్ఫు వెళ్లినవాళ్లున్నారు. ఆ పిల్లల్నీ పిలవండి. ఈ కథ వాళ్లదీ.

మీ వీధిలోంచి ఈసారి ఎవరైనా ప్రయాణమవుతుంటే, కాయితాలు ఒకసారి చదివిపెట్టండి. హైదరాబాదు బస్సు దాకా వెళ్లండి. వాళ్లు తిరిగొచ్చేదాకా ఆ ఇంటి పిల్లల చదువు అడుగుతూ ఉండండి. ‘దూతా, నీ వెంట వస్తాను’ అన్నాడు మల్చెవ్‌స్కీ బొమ్మలోని పిల్లవాడు. అలా నమ్మి వెంట రాదగిన మనుషులు మన సీమలో పెరగాలి. అంతకు మించిన దేవదూత చిత్రం ఏ ప్రదర్శనశాలలోనూ ఉండదు.